పొగడ్త ఉత్తరం

మంగళవారం మూడో పీరియడ్ మధ్యలో క్లాసు గోడకున్న ఫోన్ మోగింది. చాముండేశ్వరి బోర్డు మీద గళ్ల మధ్య ఒక చుక్క పెట్టి, రెండో చుక్క పెట్టబోతోంది. ఆ రెంటినీ కలిపితే వచ్చే గీత ఎంత వాలుగా ఉంటుందో లెక్కగట్టడం ఆ రోజు పాఠం. ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై ఆరుగురు, ఒక్కొక్కరి ముందు ఒక గళ్ల కాగితం. ఫోన్ మోగగానే సగం మంది పెన్సిళ్లు కింద పెట్టేశారు. మోగితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఆఫీసు నుంచి ఫోను. ఒక ఇండియన్ అమ్మమ్మ మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిందట, పేరు లిస్టులో లేదట, ఇంగ్లీషు రాదట. ఒక్క ఐదు నిమిషాలు వచ్చి వెళ్లమన్నారు. ఏ భాష అని అడిగితే సెక్రటరీకి తెలియదు. నాలుగేళ్లలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ తెలియదు. తెలుగు తల్లి వచ్చినా, గుజరాతీ తాత వచ్చినా పిలిచేది చాముండేశ్వరినే. ఒకసారి నేపాల్ నుంచి వచ్చిన ఒకావిడ కోసం పిలిచి, నాకు నేపాలీ రాదని చెబితే, కాస్త దగ్గరగా ఉంటుందేమో ప్రయత్నించమన్నారు. మెత్తగా ఉన్నవాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా.

పక్క గదిలో ఖాళీగా ఉన్న టీచర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చెప్పేది సోషల్ స్టడీస్. రెండో చుక్క ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియదు, తెలియాలని ఎవరూ అనుకోరు కూడా. చాముండేశ్వరి మార్కర్ మూత పెట్టి వెళ్లింది. ముందు వరసలో కూర్చునే దియ ఎప్పుడూ ‘బై మిస్ చాము’ అనేది, ఆ రోజు తల కూడా ఎత్తలేదు. ఆదివారం అరోరా ఊళ్లోని గుడిలో కనిపిస్తే ఆంటీ అనీ, స్కూల్లో మిస్ చాము అనీ ఆ పిల్ల చక్కగా రెండు పిలుపులు అలవాటు చేసుకుంది. ఇప్పుడు రెండూ లేవు. ఏమైందో అడుగుదామనుకుంటూనే చాముండేశ్వరి హాల్లోకి నడిచింది.

ఐదు నిమిషాలు ఇరవై రెండయ్యాయి. తిరిగొచ్చేసరికి బెల్ కొట్టారు. బోర్డు మీద ఒక్క చుక్క అలాగే ఉంది.

సాయంత్రం పిల్లలు వెళ్లాక ప్రిన్సిపాల్ మిసెస్ కెండల్ గదిలో రేటింగ్ మీటింగ్. చాముండేశ్వరికి ఇది ఈ స్కూల్లో నాలుగో సంవత్సరం. ఈసారి ‘ప్రొఫిషియెంట్’ అని వస్తే టెన్యూర్, అంటే ఇక ఉద్యోగం స్థిరం. రాకపోతే మార్చిలో ఇంటికి పంపేస్తారు. అంతటితో అయిపోదు. ఏ స్కూల్‌కి అప్లై చేసినా మొదటి పేజీలోనే ఒక ప్రశ్న ఉంటుంది, మీ కాంట్రాక్టు ఎప్పుడైనా పొడిగించకుండా ఆపారా అని. దానికి అవునని టిక్ పెట్టినవాళ్ల అప్లికేషన్ రెండో పేజీ దాకా ఎవరూ చదవరు.

మిసెస్ కెండల్ కాగితాన్ని బల్ల మీద పెట్టి వేలితో ఇటు జరిపింది. ‘ఇంప్రూవ్‌మెంట్ అవసరం’ అని ఉంది. కారణాలు రెండు. ఒకటి, క్లాసులో భయపెట్టే వాతావరణం. రెండు, టీచర్ తరచూ క్లాసు విడిచి వెళ్తోంది, దాని వల్ల పిల్లలు పాఠం నష్టపోతున్నారు.

చాముండేశ్వరి మొదటి కారణం దగ్గరే ఆగిపోయింది. భయమా, ఎవరికి భయం అని అడిగింది. మిసెస్ కెండల్ కళ్లజోడు తీసి, చాలా బాధగా ముఖం పెట్టి, ఇది తమ మాట కాదనీ, ఆమె సొంత కమ్యూనిటీ నుంచే వచ్చిందనీ చెప్పింది. ఒక ఈమెయిల్ ప్రింట్ తీసి ముందు పెట్టింది. చాముండేశ్వరి ముందు కింద సంతకం చూసింది. రాగిణి. దియ వాళ్లమ్మ.

ఆ ఉత్తరం రాయమని అడిగింది చాముండేశ్వరే. టెన్యూర్ ఏడాది కదా, తల్లిదండ్రుల నుంచి ఒకటి రెండు మంచి మాటలు ఫైల్లో ఉంటే మంచిదని అందరూ అంటే, సిగ్గుపడుతూనే రాగిణిని అడిగింది. రాగిణి ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెప్పుకుంటే అందులో ఉన్నది ఇదీ:

‘చాముండేశ్వరి మేడం చాలా స్ట్రిక్ట్. మా అమ్మాయికి మేడం అంటే చచ్చేంత భయం. లెక్క పూర్తయ్యేదాకా లంచ్‌కి కూడా వదలరు. ఇంట్లో మాట వినకపోతే మేడంకి చెప్తాను అంటే చాలు, నోరు మూసుకుని కూర్చుంటుంది. అవసరమైతే కొట్టమని నేను మేడంకి పూర్తి పర్మిషన్ ఇచ్చాను. ఇటువంటి టీచర్ దొరకడం మా అదృష్టం.’

మొదటి ఐదు వాక్యాల మీదా పసుపు రంగు మార్కర్ పూసి ఉంది. ఆఖరి వాక్యం మీద లేదు.

అది చదువుతుంటే చాముండేశ్వరికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తెనాలిలో తను చదివిన స్కూల్లో ఏ తల్లయినా హెడ్‌మాస్టర్‌తో ఈ మాటలంటే, ఆ టీచర్ జీతం పెంచాలని అర్థం. ఇది పొగడ్త అని ఆమె మిసెస్ కెండల్‌కి చెప్పింది. మా వైపు టీచర్‌ని పొగడాలంటే ఇలాగే పొగుడుతారని చెప్పింది. మిసెస్ కెండల్ అర్థమైనట్టు తలూపింది. పిల్లల మంచిచెడ్డలు చూసే స్కూల్ కౌన్సిలర్ పోయిన వారమే దియని గదిలో కూర్చోబెట్టి అన్నీ అడిగిందట. మిస్ చాము ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు, అరవలేదు, లంచ్‌కి నేనే ఆ గదికి వెళ్తాను అని ఆ పిల్ల చెప్పిందట.

“మరి?” అంది చాముండేశ్వరి.

“భయపడే పిల్ల అలాగే చెప్తుంది కదా,” అంది మిసెస్ కెండల్.

అంటే కొట్టిందని పిల్ల చెబితే కొట్టినట్టు, కొట్టలేదని చెబితే భయపెట్టినట్టు. పదమూడేళ్ల పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి టీచర్ మీద ప్రశ్నలు వేసి, ఈ విషయం టీచర్‌తో అనకు అని పంపించారట. పొద్దున దియ తల ఎత్తకపోవడం ఇప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది చాముండేశ్వరికి. కానీ నోటి నుంచి వచ్చింది మాత్రం థాంక్యూ అనే మాటే. అదేం దరిద్రపు అలవాటో, పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు ఏం చేతికిచ్చినా థాంక్యూ అంటాం.

మేము నిన్ను వదులుకోవాలనుకోవడం లేదు, శుక్రవారం లోగా జవాబు రాసి ఇవ్వు అంది మిసెస్ కెండల్. తలుపు దాకా వచ్చి, బుధవారం కమిటీ మీటింగ్ మర్చిపోవద్దని గుర్తుచేసింది. తెల్లవాళ్లు కాని టీచర్లు రెండు మూడేళ్లకే మానేసి వెళ్లిపోతున్నారని డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు స్కూళ్లన్నిటినీ నడిపే ఆఫీసు, ఒక కమిటీ వేసింది. వాళ్లను ఎలా నిలుపుకోవాలో ఆ కమిటీ చెప్పాలి. ఈ స్కూలు నుంచి ఆ కమిటీలో ఎవరున్నారంటే, అలాంటివాళ్లలో ఇంకా మిగిలి ఉన్న ఇద్దరే, చాముండేశ్వరి, ఒక సైన్స్ టీచర్. పాఠాలు సిద్ధం చేసుకోవలసిన పీరియడ్‌లో కూర్చుని, పాఠాలు సిద్ధం చేసుకోవడానికి టైం ఎందుకు దొరకడం లేదో రిపోర్టు రాయాలి.

*

బుధవారం సాయంత్రం రాగిణి తను పనిచేసే ఇండియన్ స్టోర్‌లో మెంతికూర కట్టలు సర్దుతోంది. పొద్దున ట్రక్కులో వచ్చిన పెట్టెలు ఇంకా తడిగా ఉన్నాయి. కట్ట తీసి, పసుపుపచ్చ ఆకులు గిల్లి పారేసి, వేర్లు కత్తిరించి, రబ్బరు బ్యాండు మార్చి అరలో నిలబెడుతోంది. బయట పాత మంచు బురదయి పార్కింగ్ లాట్ అంతా నల్లగా ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బూట్లకు మరకలు కట్టి ఉండగానే చాముండేశ్వరి లోపలికి వచ్చింది.

రాగిణి ముఖం వెలిగిపోయింది. “మేడం, లెటర్ అందిందా మీ ప్రిన్సిపాల్‌కి? మూడు రోజులు కూసొని రాసిన. మా ఆయనకు గూడ చూపియ్యలే. చూస్తే మొత్తం మారుస్తడని.”

చాముండేశ్వరి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ముఖం చూడగానే ఎటో పోయాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని తిడదామనే వచ్చింది. మెంతికూర కట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పుతూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇక్కడ స్ట్రిక్ట్ అంటే ఏమనుకుంటారో, కొట్టమని రాస్తే ఏమవుతుందో, ఉత్తరం మీద పసుపు రంగు ఎలా పూశారో, తను క్లాసులో ఉండదని ఏం రాశారో, దియని గదిలో కూర్చోబెట్టి ఏమడిగారో.

దియ ముచ్చట విని రాగిణి చెయ్యి ఆగింది. కూతురు ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. వారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు, ఏమన్నా అంటే నథింగ్ అంటోంది, ఫోన్‌ల వల్ల పిల్లలు ఇట్ల అయితున్నరని రాగిణి ఫోన్ తీసి దాచేసింది కూడా. ఆ సంగతి చెబుతూ కత్తెర పక్కన పెట్టేసింది.

“నేను మంచిగనే రాసిన గద మేడం,” అంది చివరకు. గొంతు చాలా చిన్నదైపోయింది. “మిమ్మల్ని నెత్తిన వెట్టుకొని రాసిన.”

“నాకు తెలుసు రాగిణి గారూ. వాళ్లకి తెలియదు.”

“మరి అడగొచ్చు గద నన్ను. నా ఫోన్ నంబర్ లేదా వాళ్ల దగ్గర?”

ఈ మాట చాముండేశ్వరికి అప్పటిదాకా తట్టలేదు. నిన్నటి నుంచి రాగిణి ఎందుకిలా రాసిందని ఆలోచిస్తోంది తప్ప, రాసినామెను ఒక్క ఫోన్ చేసి అడగాలని ఆ స్కూల్లో ఒక్కరికీ ఎందుకు తోచలేదని ఆలోచించలేదు. పిల్లని అడిగారు. పసుపు మార్కర్ పూశారు. తల్లిని అడగలేదు. మన వేలితో మన కన్నే పొడిపించి, చూశావా నీ వేలే అన్నారు.

రాగిణి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. శుక్రవారం పొద్దున తనకు పని లేదనీ, వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాననీ అంది. అంతలోనే, మా ఆయన వద్దంటాడేమో, గ్రీన్‌కార్డు ఫైల్ నడుస్తున్నప్పుడు గవర్నమెంటు స్కూల్‌తో మనకెందుకు అంటాడేమో అని కూడా అంది. చాముండేశ్వరి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. మెంతికూర కట్ట అరలో పెట్టి వచ్చేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త రామమోహన్ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన ఆఫీసులో ఇలాంటివి ఏటా వస్తాయి, ఏటా సంతకం పెడతాడు. “లైట్ తీసుకో చామూ. సారీ ఫర్ ద కన్‌ఫ్యూజన్ అని రెండు లైన్లు రాసిచ్చేయ్,” అన్నాడు. ఏ తప్పుకి సారీ అని ఆమె అడిగితే, తప్పు సంగతి కాదు, ఉద్యోగం సంగతి చూడమన్నాడు. అందులో కొంత నిజముంది. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

*

గురువారం లంచ్‌లో గది నిండా పిల్లలే. ఎవరూ పిలవరు, వాళ్లే వస్తారు. కెఫెటీరియా గోల పడనివాళ్లు కొందరు, ఫ్రెండ్స్ లేనివాళ్లు కొందరు, పులిహోర డబ్బా తెరిస్తే ఎవరేమంటారోనని భయపడేవాళ్లు ఇద్దరు. లెక్క చేసుకుంటూ తింటారు, తింటూ చేసుకుంటారు. దియ మాత్రం రాలేదు. ఆమె కూర్చునే కుర్చీలో ఎవరో బ్యాగు పెట్టారు.

లొరెట్టా తలుపు తీసుకుని వచ్చింది. సైన్స్ టీచర్, నల్లజాతి ఆవిడ, ఈ స్కూల్లో ఇరవై ఏళ్ల నుంచి ఉంది. టీచర్ల యూనియన్ తరఫున ప్రతినిధి కూడా ఆవిడే. ఈ స్కూలు అన్ని రంగుల వాళ్లదీ అని చూపించడానికి ఎంట్రన్స్ దగ్గర పెట్టిన పెద్ద పోస్టర్‌లో నవ్వుతున్న ఇద్దరూ వీళ్లే. ఆ ఫోటో తీసినరోజు అసలు నవ్వు రాక, ఫోటోగ్రాఫర్ చీజ్ అనమంటే, లొరెట్టా చాముండేశ్వరి చెవిలో ఏదో బూతు మాట చెప్పింది. ఆ నవ్వు అది.

లొరెట్టా కాగితం చదివింది. ఉత్తరం సంగతి వదిలేసింది. రెండో కారణం మీద వేలు పెట్టి, దీనికి ఏం జవాబు రాశావని అడిగింది.

దానికేం రాయలేదు. అది నిజమే కదా అంది చాముండేశ్వరి. తను క్లాసు విడిచి వెళ్తున్న మాట నిజమే. పిల్లలు నష్టపోతున్న మాటా నిజమే. ఆ సంగతి ఆమెకంటే ఎవరికి ఎక్కువ తెలుసు. అరగంట పోయిన పాఠాన్ని లంచ్‌లో, పొద్దున బస్సులు రాకముందు, ఆదివారం గుడి మెట్ల మీద కూడా చెప్పిన రోజులున్నాయి.

లొరెట్టా తన కథ చెప్పింది. తనని కూడా మొదట్లో ఇలాగే పిలిచేవాళ్లట. నల్లపిల్లాడు ఎవడు ఏ క్లాసులో గొడవ చేసినా ఫోన్ సైన్స్ గదిలోనే మోగేది, నువ్వయితే వింటాడు అనేవాళ్లు. ఉద్యోగంలో చేరిన పదో ఏట ఫోన్ వైరు పీకేసిందట. బాగుచేయడానికి వచ్చినప్పుడల్లా మళ్లీ పీకేసిందట.

“నువ్వు వెళ్లడం నిజం. ఎవరు పంపితే వెళ్లావో అది ఈ కాగితంలో లేదు,” అంది లొరెట్టా. “సగం నిజానికి సంతకం పెట్టకు.”

చాముండేశ్వరి ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టింది. నాలుగుసార్లూ మొదటి వాక్యం క్షమాపణే అయింది. నాలుగూ చించేసింది.

*

శుక్రవారం పొద్దున చాముండేశ్వరి జవాబు కాగితం లేకుండానే ప్రిన్సిపాల్ గదికి వెళ్లేసరికి, రాత్రి ఫోన్‌లో అన్నట్టే రాగిణి వచ్చి ఉంది. పెళ్లిళ్లకు వేసుకునే ఊదారంగు కోటు, కింద స్టోర్‌కి వేసుకునే బూట్లు. భర్తకు చెప్పిందో లేదో చాముండేశ్వరి అడగలేదు. లొరెట్టా తన క్లాసుకి వేరే ఏర్పాటు చేసుకుని యూనియన్ తరఫున వచ్చి కూర్చుంది.

మిసెస్ కెండల్ రాగిణితో నెమ్మదిగా, గట్టిగా, ఒక్కొక్క మాట విడదీసి మాట్లాడింది, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు. మీరు వచ్చినందుకు సంతోషం, ఇక్కడ మీకేమీ భయం లేదు అంది. రాగిణి సిద్ధం చేసుకొచ్చిన ఇంగ్లీషు మొదలుపెట్టింది. స్ట్రిక్ట్ అంటే మంచిది అంది. భయమంటే గౌరవం అంది. రెండు వాక్యాలయ్యాక మాట తడబడి ఆగింది. 

మిసెస్ కెండల్ దయగా నవ్వి చాముండేశ్వరి వైపు తిరిగింది. ఆమె ఏం చెప్పాలనుకుంటోందో నువ్వే చెప్పేస్తే త్వరగా అయిపోతుంది అంది.

చాముండేశ్వరి నోరు తెరిచింది. నాలుగేళ్ల అలవాటు. ‘షీ ఈజ్ సేయింగ్’ అనేది నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు ఆమెకు ఆ గదిలో తన కుర్చీ ఎటువైపు ఉందో కనిపించింది. నేరం మోపినవాళ్లు అటు, తను ఇటు. తన గురించి సాక్ష్యం చెప్పడానికి వచ్చినామె మాటలు తన నోటితోనే చెప్పమంటున్నారు, టైం కలిసొస్తుందని. సిగ్గు లేదా వీళ్లకు అనిపించింది. ఇన్నాళ్లూ తనకెందుకు లేకపోయిందో అని కూడా అనిపించింది.

“నేను చెప్పను,” అంది. “ఇది నా ఉద్యోగం గురించిన మీటింగ్. నేను చెబితే ఆ మాటలు నేను కల్పించానంటారు. ఫోన్‌లోనే తర్జుమా చేసిపెట్టడానికి డిస్ట్రిక్ట్‌కి ఇంటర్‌ప్రిటర్ లైన్ ఉంది. కాల్ చేయండి.”

ఆ లైన్ నంబర్ ఎక్కడుందో మిసెస్ కెండల్‌కి తెలియదు. సెక్రటరీకీ తెలియదు. పది నిమిషాలు వెతికి, ఒక ఫైల్ వెనకాల అంటించిన కార్డు పట్టుకొచ్చింది. మొదట ఫోన్ ఎత్తినవాళ్లు తమిళం కావాలా అని అడిగారు. తెలుగు అని మిసెస్ కెండల్ చెప్పింది. మళ్లీ స్పెల్లింగ్ చెప్పింది. ఎదురుచూడమన్నారు. స్పీకర్‌లో పియానో పాట మొదలైంది.

 బెల్ కొట్టారు, పీరియడ్ మారింది, మళ్లీ హాలు ఖాళీ అయింది. మిసెస్ కెండల్ గడియారం చూసింది, ఫోన్ చూసింది, ఇంకో మీటింగ్ ఉందని ఎవరికో మెసేజ్ పెట్టింది. లొరెట్టా బ్యాగులోంచి పరీక్ష పేపర్లు తీసి దిద్దుకోవడం మొదలుపెట్టింది. రాగిణి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ముప్పై ఐదు నిమిషాలు. ఈ స్కూల్లో తెలుగు కోసం ఎవరైనా ఆగడం ఇదే మొదటిసారి.

చివరకు ఒక మగ గొంతు వచ్చింది. పేరు జితేందర్ అన్నాడు, జెర్సీ సిటీ నుంచి మాట్లాడుతున్నానన్నాడు. ఎవరు ఏమంటే అది అన్నట్టే చెప్తాననీ, తన సొంత మాట ఒక్కటీ కలపననీ ముందుగా రెండు భాషల్లోనూ చెప్పాడు.

తెలుగు చెవిన పడగానే రాగిణి వీపు నిటారయింది.

“ఇంగ్లీష్‌ల రాసి ఒకసారి ఆగం చేసిన. ఇగ ఇప్పుడు మంచిగ చెప్త, రాసుకోమను,” అంది. “మా దగ్గర టీచర్ స్ట్రిక్ట్ అంటే పిల్లల్ని గాలికి ఇడిచిపెట్టదు అని. కొట్టుమని రాసిన, అది తప్పే. మా అమ్మ గూడ మా సారుకు గట్లనే చెప్పేది. ఆయన ఒక్కనాడు కొట్టలే. ఆ మాటకు అర్థం ఏందంటే, నా బిడ్డను నీ చేతిల పెట్టిన, నీ బిడ్డ లెక్క చూసుకో అని.”

జితేందర్ అది అలాగే ఇంగ్లీషులో చెప్పాడు. ‘నేను’ అనే చెప్పాడు, ‘నా బిడ్డ’ అనే చెప్పాడు. ఆ మగ గొంతులోంచి తల్లి మాటలు వస్తుంటే గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. మిసెస్ కెండల్ చాలా థాంక్స్ అని, ఈ వివరణ తను తప్పకుండా పరిగణిస్తానని, లేవబోయింది.

“కూసోమను, అయిపోలే,” అంది రాగిణి.

జితేందర్ ఒక్క క్షణం ఆగి, దయచేసి కూర్చోండి, నేను ఇంకా ముగించలేదు అన్నాడు. మిసెస్ కెండల్ కూర్చుంది.

“మేడం క్లాసుల ఉండదని ఈ పేపర్ల రాసిన్రట. ఎవరు పిలుస్తున్నరు ఆమెను? పోయిన ఏడు మా పెద్ద అత్తమ్మ వస్తే పిలిచిన్రు. దియకు జ్వరమొచ్చి నేనొస్తే, నాకు ఇంగ్లీష్ ఎంతో కొంత వస్తదని చెప్పినా పిలిచిన్రు. నిన్న రాత్రి నా బిడ్డ నోట్‌బుక్ తెరిచి చూపించింది. సగం రాసి ఆగిన లెక్కలు, పేజీల మీద పేజీలు. ఎందుకాగినయ్ అంటే, అప్పుడు ఆఫీస్ ఫోన్ వచ్చింది మమ్మీ అన్నది. మా అందరి పనులు ఆమె ఒక్కదానితోని చేపిచ్చుకొని, మా పిల్లల చదువు గుంజుకున్నరు. మళ్ల ఆమె మీదనే రాసిన్రు.”

ఆమె ఊపిరి తీసుకుంది.

“నేను మొదలు రాసింది పొగడ్త. దాన్ని మీరు కంప్లయింట్ అనుకున్నరు. ఇప్పుడు చెప్పింది కంప్లయింట్. ఇది స్కూల్ మీద, మేడం మీద కాదు. దీనికి గూడ పసుపు రంగు వెయ్యిన్రి.”

జితేందర్ చెప్పడం పూర్తయ్యేదాకా మిసెస్ కెండల్ కలం కదల్లేదు. లొరెట్టా పేపర్లు మూసి, తల్లిదండ్రులు చేసిన ఫిర్యాదు ఫైల్లో పెట్టడం ఇక్కడ రివాజే కదా, మొదటిది పెట్టారు, రెండోదీ పెట్టండి అంది. ఆ తరవాత జితేందర్ ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగాడు. లేదంది చాముండేశ్వరి. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. దుఃఖం కాదు, నాలుగేళ్ల నుంచి మోస్తున్నది తన తప్పని నమ్మినందుకు తన మీద తనకే వచ్చిన కోపం.

*

మూడున్నరకు బస్సులన్నీ వెళ్లాక మిసెస్ కెండల్ తనే లెక్కల గదికి వచ్చింది. ఈ ఏడాది ఆ గదికి రావడం ఆమెకు ఇది రెండోసారి. చాముండేశ్వరి డెస్కుల మీద మర్చిపోయిన పెన్సిళ్లు ఏరుతోంది. చివరి పీరియడ్ అయ్యాక దియ ఆగి, “మిస్ చాము, అమ్మ స్కూల్‌కి వచ్చిందంట కదా, షి వాజ్ ఓకే?” అని అడిగి వెళ్లింది. నీకంటే నాకంటే ఓకే అని చెప్పింది చాముండేశ్వరి.

మిసెస్ కెండల్ చేతిలో కొత్త కాగితం ఉంది. ‘ప్రొఫిషియెంట్’ అని ఉంది. ఉత్తరం ఫైల్లోంచి తీసేశామంది. రెండో కారణం కూడా తీసేశామంది. టెన్యూర్‌కి తను స్వయంగా సిఫారసు చేస్తానంది. ఇవాళ ఐదింటి లోపల సంతకమైతే సోమవారం స్కూల్ బోర్డు ముందుకు వెళ్లిపోతుందట. నువ్వు లేకపోతే ఈ పిల్లలు, ఈ కుటుంబాలు ఏమైపోతారు అని కూడా అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నట్టుంది.

చాముండేశ్వరి నిలబడే చదివింది. మంగళవారం ఈ కాగితమే వచ్చి ఉంటే చదవకుండానే సంతకం పెట్టి, థాంక్యూ చెప్పి, పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఆనందంతో ఏడ్చేది. కాగితం శుభ్రంగా ఉంది. క్లాసు విడిచి వెళ్లిందన్న మాట లేదు. ఆఫీసు పిలిచిందన్న మాటా లేదు. అసలేమీ జరగనట్టే ఉంది. సోమవారం నుంచి ఎవరిని పిలుస్తారని అడిగింది. మిసెస్ కెండల్ అర్థం కానట్టు చూసింది. ఇంకో అమ్మమ్మ వస్తే ఎవరిని పిలుస్తారు అని మళ్లీ అడిగింది.

“అవన్నీ మెల్లగా చూసుకుందాం. ముందు నువ్వు స్థిరపడు,” అంది మిసెస్ కెండల్. కలం తీసి, మూత తిప్పి, అందించింది.

చాముండేశ్వరి ఆ కలం తీసుకోలేదు. ఏరిన పెన్సిళ్లు డబ్బాలో వేసి, కాగితం మడతపెట్టి తన బ్యాగులో పెట్టుకుంది.

“సోమవారం చెప్తాను,” అంది.

“దేని గురించి?”

“ఉంటానో ఉండనో.”

మిసెస్ కెండల్ గడువు గుర్తుచేసింది. ఐదు దాటితే కష్టమంది. బోర్డుకి ఏం చెప్పమంటావంది. ఆమె గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది.

“నన్ను ఉంచుకోవాలా వద్దా అని మీరు నాలుగేళ్లు చూశారు,” అంది చాముండేశ్వరి, కోటు తొడుక్కుంటూ. “నాకు రెండు రోజులు కావాలి.”

మిసెస్ కెండల్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె బయటికి వచ్చేదాకా చాముండేశ్వరి లైటు స్విచ్ మీద చెయ్యి వేసుకుని తలుపు దగ్గర ఆగింది.